మొదటి షాట్లకి ఏమీ కనపడదు

"కాలింది," అంది ఇన్‌స్పెక్టరమ్మాయి, మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండా.

"కాలడమేంటండీ? ఇది లేజరు, పెనం కాదు కదా," అన్నాడు కుర్రాడు.

"పెనమైతే ఇంకోవైపు తిరగేసి చూసేదాన్ని. దీనికి ఆ అవకాశం కూడా లేదు."

లెన్స్ ఎర్ర డబ్బాలో పడింది.

కుర్రాడు ఆ కంపెనీలో కొత్త. శుక్లం తీసేశాక కంట్లో పెట్టే లెన్సులు అక్కడ తయారవుతాయి. అక్రిలిక్ బిళ్ళ మీద లేజర్ కొట్టి, అక్కర్లేని ప్లాస్టిక్‌ని పొరలు పొరలుగా లేపెయ్యడం అతని పని. సరిగ్గా లేపాడో లేదో చెప్పడం ఆమె పని. బాగుంటే "పాస్" అంటుందట. ఆ మాట అతను వినలేదు. విన్నవాళ్ళని కూడా చూడలేదు.

ఇంటి దగ్గర మాత్రం అతని హోదా వేరు. "మావాడు కళ్ళకి లేజర్ కొడతాడు" అని వాళ్ళమ్మ అపార్ట్‌మెంట్ మొత్తానికి చెప్పింది. అబద్ధం చెప్పలేదు, మధ్యలో రెండు ముక్కలు మింగిందంతే. అప్పట్నుంచీ పై ఫ్లోర్ అంకుల్ లిఫ్టులో కనపడ్డప్పుడల్లా కింది రెప్ప లాగి పట్టుకుని, "ఒక్కసారి చూడు డాక్టర్ బాబూ" అంటాడు. ఇతను చూసి, "నీళ్ళు బాగా తాగండంకుల్" అంటాడు. నీళ్ళు తాగి చెడిపోయినవాడు లేడని ధైర్యం.

ఎర్ర డబ్బా నిండిన రోజు ఆమె లేచొచ్చి మెషిన్ పక్కన నిలబడింది.

"కొట్టండి, చూస్తాను."

కొట్టాడు. ఏమీ కాలేదు. మళ్ళీ కొట్టాడు. బిళ్ళ అలాగే ఉంది, తనని కాదు, ఇంకెవరినో అంటున్నట్టు. అలవాటుగా అతని చెయ్యి పవర్ నాబ్ మీదకి పోయింది. ఆమె ఆ చేతి మీద ఠపీమని ఒకటేసింది.

"ఇదే మీ జబ్బు. ఈ ప్లాస్టిక్‌కి మొదటి షాట్లకి పైకి ఏమీ కనపడదండీ. లోపల మాత్రం దాని అణువుల గొలుసులు తెగుతూనే ఉంటాయి. పవర్ ముట్టుకోకుండా అలాగే కొడుతుంటే, ఏదో ఒక షాట్‌కి దానంతటదే లేవడం మొదలవుతుంది. వేడి పక్కకి పాకేలోపే ముక్క ఆవిరైపోతుంది. అంచు కత్తితో కోసినట్టొస్తుంది. మీరేమో ఓపిక పట్టలేక పవర్ పెంచేస్తారు. అది కరిగి, బుడగలొచ్చి, కొవ్వొత్తిలా తయారవుతుంది."

ఆమె చెప్పినట్టే చేశాడు. ఒక షాట్‌కి సన్నగా పొగలా లేచింది. అంచు నున్నగా మెరిసింది. అతను చూసింది మాత్రం అంచుని కాదు. మధ్యలో రెండు జతల గ్లవ్స్ ఉన్నా, ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది.

మర్నాటి నుంచి అతని ఫ్లాస్కు పక్కన రెండో కప్పు చేరింది. విరామం గదిలో ఆమె కాఫీ తాగుతూ కిటికీ బయట వాన చూసేది. అతను ఆమెని చూసేవాడు. కాఫీని చూసేవాళ్ళెవరూ లేక అది చల్లారిపోయేది. "థాంక్సండీ" అని ఆమె వెళ్ళిపోయేది. రోజూ అంతే. ఒక్క అక్షరం పెరగలేదు.

"ఫ్లాస్కుకి రెండో కప్పెందుకురా?" అంది వాళ్ళమ్మ.

"కొలీగ్‌కమ్మా."

"ఆ కొలీగ్ జడేసుకుంటుందా?"

చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఉత్త కాఫీతో సరిపెడితే పిసినారి సంబంధం అనుకుంటారురా. పూలు పట్టుకెళ్ళు. పెద్ద గుత్తి," అని, ఎవరి పెళ్ళిలోనో వచ్చిన గిఫ్ట్ పేపర్‌ని పరుపు కింద నుంచి తీసి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది.

ఆ లెన్సులు చేసే గదిలోకి దుమ్ము రేణువు కూడా రాకూడదు. పెన్సిల్ కూడా బయట పెట్టి వెళ్ళాలి. మనవాడు తెల్ల గౌను లోపల పూలగుత్తి దాచుకుని వెళ్ళాడు.

గాలిలో దుమ్ముని కొలిచే మీటరు కుయ్యిమంది. పని ఆగింది. ఆ రోజు చేసిన లెన్సులన్నీ ఎర్ర డబ్బాలోకి పోయాయి. "పాస్" అందామని ఆమె విడిగా పెట్టుకున్న అతని లెన్స్ కూడా.

"దీని మీద ఒక్క పుప్పొడి రేణువు కూర్చుంటే, అది ఒకళ్ళ కంట్లోకి వెళ్తుందండీ," అంది నెమ్మదిగా. అరిచినా బాగుండేది.

ఫ్లాస్కు ఇంట్లోనే ఉండిపోయింది. మూడో రోజు ఆమే విరామం గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కాఫీ ఏది?"

"ఆపేశానండీ. ఇన్నాళ్ళు తెచ్చినా మీలో ఏమీ కదల్లేదు. పవర్ పెంచితే కాలింది. ఇంక మెషిన్ ముట్టుకోకపోవడమే మంచిదని."

"మొదటి షాట్లకి ఏం కనపడుతుందని చెప్పాను?"

"ఏమీ కనపడదని."

"లోపల?"

ఆ జవాబు మాత్రం ఆమే చెప్పింది.

"మీరు తేవడం మొదలుపెట్టాక ఇంట్లో కాఫీ తాగడం మానేశాను. నాకేదో జబ్బు చేసిందని మా అమ్మ కంగారు పడుతోంది."

"మరి మూడు రోజులు ఆపేశానే?"

"ప్లాస్టిక్ మర్చిపోదు. ఎక్కడ ఆపావో అక్కడి నుంచే మొదలవుతుంది."

ఆపారో అనలేదు. ఆపావో అంది. అతను ఆ రోజంతా పవర్ నాబ్ వైపు కూడా చూడలేదు.

పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం ఒక్క పూటలో అయిపోయింది. వాళ్ళమ్మ సాయంత్రానికల్లా అపార్ట్‌మెంట్‌కి కొత్త వార్త అందించింది: "మా కోడలు డాక్టర్లకే తప్పులు దిద్దే పెద్ద డాక్టరు."

కాబోయే కోడలు మొదటిసారి వచ్చిన రోజు, లిఫ్టులో పై ఫ్లోర్ అంకుల్ రెప్ప లాగి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమె వంగి, ఓ కన్ను మూసుకుని, మైక్రోస్కోప్‌లో చూసినంత శ్రద్ధగా చూసింది.

"అంచు శుభ్రంగా ఉందండీ. పాస్."

అంకుల్ పొంగిపోతూ దిగిపోయాడు. తలుపులు మూసుకున్నాయి.

"ఆయనకి ఒక్క చూపుకే పాసా?" అన్నాడు కుర్రాడు, మొహం మాడ్చుకుని. "మరి నేను?"

"నిన్ను ఇంకా చూడాలి," అంది ఆమె, కళ్ళు తిప్పుకోకుండా. "చాలా టైం పట్టేట్టుంది."