రేపటి స్క్రూ

వడ్రంగికి ఒక జబ్బు ఉంది. పక్కన నిలబడి తొందరపెట్టేవాళ్లుంటే ఏ పనైనా చేస్తాడు, సొంత పని అనేసరికి సగంలో చేతులెత్తేస్తాడు. ఇంట్లో అలమరాకి తలుపుల్లేవు, మంచానికి ఒక పక్క ఇటుకలే దిక్కు. అలాంటివాడు పాత బస్సు తెచ్చి, సీట్లు పీకేసి, చక్రాల మీద ఇల్లు కడతానంటే భార్య నవ్వలేదు.

"ఇదీ మధ్యలో వదిలేశారంటే మీతో నా వల్ల కాదండీ. తమ్ముడింటికి వెళ్లిపోతాను," అంది. అన్నంత పనీ చేసే మనిషి.

ఉపాయం కూడా ఆవిడే చెప్పింది. ఆవిడది కుట్టుపని. రోజూ చివర్లో ఒక కుట్టు సగంలో ఆపి లేస్తే, పొద్దున కూర్చోగానే చెయ్యి దాని మీదికే పోతుందట. అలాగే వడ్రంగీ సాయంత్రం ఒక స్క్రూ సగం బిగించి వదిలేసేవాడు. పొద్దున ఎంత బద్ధకంగా వచ్చినా, తల బయటపెట్టి ఉన్న ఆ స్క్రూని చూస్తే చెయ్యి ఊరుకోదు. అది బిగిస్తే ఇంకోటి, దాని వెనకే ఒక పలక... అలా మంచం లేచింది, వంటగట్టు లేచింది. దాన్ని ఇద్దరూ రేపటి స్క్రూ అనేవాళ్లు.

ఒక పొద్దున వచ్చేసరికి అది పూర్తిగా బిగించి ఉంది.

భార్యే బిగించిందనుకున్నాడు. "నాకేం పనిలేదా?" అందావిడ. మర్నాడూ అంతే. దాంతో అనుమానం బావమరిది మీదికి పోయింది. బస్సు పెట్టిన షెడ్డు అతనిదే, రెండో తాళంచెవి అతని దగ్గరే ఉంది.

"స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు బావా నాకు," అని నవ్వాడతను. వడ్రంగికి ఆ నవ్వు నచ్చలేదు.

భార్యకేమో మొగుడి మీదే అనుమానం. "పని ఎగ్గొట్టడానికి ఇదో సాకా? రేపు దెయ్యం ఉందంటారు, ఎల్లుండి బస్సు అమ్మేద్దామంటారు."

వడ్రంగి మనసు చివుక్కుమంది. బుద్ధిగా ఒక పని చేద్దామనుకుంటే నమ్మే దిక్కు లేదు.

ఆ సాయంత్రం కావాలనే ఒక్క స్క్రూ కూడా మిగల్చలేదు. బస్సు తలుపు మూసి, షెడ్డుకి లోపల్నించి గడియ పెట్టి, ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలని. బయట సన్నగా వాన. రేకుల మీద చినుకుల చప్పుడు, లోపల తుప్పు వాసన, తడిసిన రంపపుపొట్టు వాసన. మెల్లగా వెలుతురు తగ్గింది.

కిర్ర్...

బస్సులోంచి.

కిర్ర్... కిర్ర్... ఎవరో తాపీగా, తొందరేమీ లేనట్టు తిప్పుతున్నారు.

వడ్రంగి పక్కకి చూశాడు. భార్య ఉంది. బావమరిదీ ఉన్నాడు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని.

భార్య మొగుడి చెయ్యి పట్టుకుంది. "మిమ్మల్ని అనవసరంగా అన్నానండీ," అంది చిన్నగా.

చప్పుడు ఆగింది. టార్చి వేసుకుని ముగ్గురూ లోపలికి ఎక్కారు. ఎవరూ లేరు. వెనక ఎమర్జెన్సీ తలుపు దాకా వెళ్లారు. ఆ తలుపు జోలికి వడ్రంగి ఇంతవరకూ పోనేలేదు. ఇప్పుడు దాని మీద అడ్డంగా పలకలు. మంచం పక్కన తను పేర్చి ఉంచినవే. సందు లేకుండా, వరసగా, తెరుచుకోడానికి వీల్లేకుండా బిగించి ఉన్నాయి.

ఒక్క స్క్రూ మాత్రం సగంలో ఉంది.

"వద్దండీ," భార్య గుసగుసలాడింది. "వదిలేయండి. ఈ బస్సూ వద్దు, ఏమీ వద్దు. వెళ్లిపోదాం రండి."

పని మధ్యలో వదిలెయ్యమని ఆవిడ అడగడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. వడ్రంగికీ పారిపోవాలనే ఉంది. కానీ చెయ్యి ఊరుకోలేదు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసింది.

"ఒక్కటేనే... ఒక్కటే మిగిలింది."

"బావా..." బావమరిది అతని చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

స్క్రూ తల ఇంకా వెచ్చగా ఉంది. ఒక తిప్పు. ఇంకో తిప్పు. బిగిసింది.

అప్పుడు వాళ్ల వెనక, ఇందాక ముగ్గురూ ఎక్కి వచ్చిన తలుపు దగ్గర...

కిర్ర్.