చివరి గదిలో నిలవని దీపం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నాకు మిగిలిన ఆ ఒక్క పన్నూ ఊడిపోవుగాక! ఆపైన నమ్ముతావో, ముసుగుతన్ని పడుకుంటావో నీ ఇష్టం.

పాత కాగితాలు భద్రపరిచే ఆ కచేరీలో చివరి గదికి చెడ్డపేరు. అక్కడ దీపం నిలవదు. చీకటికి కూడా ఆ గదిలో ఒంటరిగా ఉండాలంటే భయమేనట.

గది నడుమ ఒక గాజుపెట్టె. అందులో ఒకే ఒక్క కాగితం — ఎప్పుడో పోయిన మంత్రసాని ఒకావిడ, నెలలు నిండినవాళ్ళు ఎలా మసలుకోవాలో కరక్కాయ సిరాతో తన చేత్తో రాసింది. ఒకప్పుడు కాటుకలా ఉన్న అక్షరాలు నీళ్ళటీ రంగుకు దిగాయి. వెలుగు సిరాని తినేస్తుంది, కనీసం రాత్రిళ్ళయినా దీపం ఆర్పించండి మహాప్రభో అని కాగితాలు అతికేవాళ్ళు మొత్తుకున్నారు. పెద్దాఫీసరు వింటేగా! ఆయనగారి ఘనత కిటికీలోంచి వీధి వీధంతటికీ కనబడాలట.

తెల్లారేసరికి దీపం ఆరి ఉండేది. గాజుపెట్టె మీద నల్లగుడ్డ కప్పి ఉండేది... వేసిన తాళాలు వేసినట్టే!

ముగ్గురు కాపలావాళ్ళు చెప్పులు కూడా వదిలేసి పరుగు లంకించుకున్నారు. నాలుగోవాడు పులి. అది వాళ్ళావిడ పెట్టిన పేరులే — బల్లి కనబడితే మంచమెక్కి కేకలేస్తాడని. ఆవిడకి నెలలు నిండాయి. దీపం ఆరిందంటే ఉద్యోగం ఊడినట్టేనని ఆఫీసరు ముందే చెప్పాడు. అందుకని పులి పారిపోయే దారి లేక, కర్ర పట్టుకుని దీపం కిందే కూర్చున్నాడు.

ఊరు సద్దుమణిగింది... వెనక ఎక్కడో తలుపు కిర్రుమంది.

టక్ — దీపం ఆరింది.

వాడి జుట్టు ఎంత నిక్కబొడుచుకుందంటే, టోపీ ఎగిరి పైకప్పుకి తగిలింది. మసక వెన్నెల్లో... తెల్లచీర. మెల్లగా, మెల్లగా గాజుపెట్టె మీదికి వంగింది.

"ఎ... ఎవరమ్మా నువ్వు?"

"రాసినదాన్ని. మండిపోతున్నానురా నాయనా... ఈ వెలుగు నాకొద్దు."

"ఆరిపోతే నా ఉద్యోగం పోతుందమ్మా," అన్నాడు ఏడుపు గొంతుతో. "ఇంట్లో మా ఆవిడకి ఇవాళో రేపో..."

తెల్లచీర కొంగు ముఖం మీదికి దిగింది. తర్వాత —

"ఆఫీసరు ఇంటికెళ్ళి పడుకున్నాక ఆర్పు. లేవకముందే వెలిగించు. నీ భార్య సంగతి నేను చూసుకుంటాను."

నల్లగుడ్డ పెట్టె మీదికి జారుతోంది. అప్పుడు చూశాడు పులి... గాజుకి లోపలివైపు ఆవిరి పట్టింది. ఆ ఆవిరిలో, అయిదు వేళ్ళ అచ్చు.

అంతే, కట్టెలా పడిపోయాడు. లేచేసరికి ఎవరూ లేరు.

ఆనాటినుంచి చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఆఫీసరు కనిపెట్టలేదు. అక్షరాలు అంతకుమించి పలచబడలేదు.

ఏమే, అలా గుడ్లప్పగించి చూస్తావేం? తెల్లచీర నాదే. గొంతూ నాదే. నా జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచి అక్కడ కాగితాలు అతికినదాన్ని, మానేసేటప్పుడు వెనక తలుపు తాళంచెవి ఇమ్మని అడిగినవాడు లేడు. రాసినావిడ మా అమ్మ. ఆవిడ చేతిరాత అని ఈ లోకంలో మిగిలింది అదొక్కటే.

కానీ గాజు లోపలి చెయ్యి... అది నాది కాదు.

పులి భార్య ఆ వారమే సుఖంగా ప్రసవించింది, ఆడపిల్ల. ఆ పిల్ల అన్నప్రాశనకని వాడు నిన్నటినుంచి సెలవు. ఈ రాత్రి కొత్తవాడు, దీపం ఆర్పనే ఆర్పడట. నా మోకాళ్ళా, ఆ మెట్లు చూస్తేనే మూలుగుతాయి. ఇదిగో తాళంచెవి, ఇదిగో నల్లగుడ్డ. దండెం మీద చీర ఆరిపోయింది, చుట్టుకుని వెళ్ళిరా తల్లీ.

లోపలినుంచి ఎవరైనా తడితే కంగారుపడకు... నీ మునిమనవరాలినని చెప్పు.