బెంజమిన్ కంటే గంట ముందు

“లీడ్ బెంజమిన్. బ్యాకప్ జీషాన్.”

మచిలీపట్నంలో ఒక రోల్డ్ గోల్డ్ షాపు వెనక గదిలో చీఫ్ సత్యవతమ్మ ఈ రెండు ముక్కలూ అనేసరికి ఏజెంట్ జీషాన్‌కు ఒళ్ళు భగ్గుమంది. తను పుట్టి పెరిగింది బందరులో. సర్వీసులో రెండేళ్ళు సీనియర్. అయినా పెత్తనం మాత్రం ఉయ్యూరు చెరకు తోటల మధ్య పెరిగిన బెంజమిన్‌కి!

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఎదురుమొండి దగ్గర మడ అడవిలో విదేశీ ముఠా ఒక జామర్ పెట్టింది. రేపు మధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకు అది ఆన్ అవుతుంది. పది నిమిషాలపాటు తీరం రాడార్ గుడ్డిదవుతుంది. ఆ సందులో ఆయుధాల బోటు ఒడ్డుకు చేరుతుంది. ఆ జామర్ పెట్టె పగలకూడదు, లోపలి ఫ్రీక్వెన్సీలు కావాలి. ఈ సమాచారం తెచ్చింది ఎర్ర కళ్ళద్దాల హీనా. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఆమె బెంజమిన్‌ని “గారు” అంటుంది, జీషాన్‌ని “నువ్వు” అంటుంది. అది మరీ మంట.

పీతల వ్యాపారి వేషంలో బెంజమిన్ సాయంత్రమంతా సంచి సర్దాడు. ఐదు లీటర్ల నీళ్ళు, బెల్లం, వేయించిన శనగలు, విజిల్. ఆపైన ఒక కాగితం: ఏ పాయలోకి వెళ్తున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు, రాకపోతే ఎక్కడ వెతకాలి. మడలోకి వెళ్ళేవాళ్ళు రేవులో చెప్పి వెళ్ళడం దివిసీమ జాలర్ల పద్ధతి. పెళ్ళికి తరలివెళ్తున్నట్టుందని జీషాన్ వెటకారం చేశాడు. బెంజమిన్ నవ్వి ఇంకో సీసా పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున జీషాన్ గంట ముందే నాగాయలంక రేవులో పడవ ఎక్కాడు. పెట్టె తను తెస్తే అసలు లీడ్ ఎవరో చీఫ్‌కే అర్థమవుతుంది. రేవులో ఎవరికీ చెప్పలేదు. బందరు వాడు మడలోకి వెళ్తూ ఎవరికో చెప్పుకోవడం నామోషీ. హీనాకి మాత్రం ఫోన్ చేసి ఏ పాయో చెప్పి, ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆమె మెచ్చుకోవాలన్న ఆశ, అంతే.

పదిన్నరకు ఒక సన్న పాయ ఒడ్డున, వెదురు మంచె మీద పెట్టె కనిపించింది. అతను చూసుకుని బయల్దేరింది బందరు పోర్టు ఆటుపోట్ల టైమింగు. ఈ పాయలో నీరు ఎప్పుడు తీస్తుందో ఆ లెక్క చెప్పలేదు. చూస్తుండగానే నీరు తీసింది, పడవ ఒండ్రులో కూర్చుంది. దిగి నడవబోతే నాలుగో అడుగుకి తొడల దాకా కూరుకుపోయాడు. కదిలినకొద్దీ లోతు పెరిగింది. స్మార్ట్ వాచీలో సిగ్నల్ లేదు. పదకొండున్నరకల్లా అర లీటరు సీసా ఖాళీ. తనెక్కడున్నాడో తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, ఆమె కూడా డబుల్ ఏజెంట్. జీషాన్‌కు మొదటిసారి భయం వేసింది.

పదకొండు యాభై ఆరుకు పెద్ద పాయలో ఇంజను చప్పుడైంది. బోటులో బెంజమిన్, పక్కన హీనా.

“చెప్పొద్దన్నాను కదా,” అన్నాడు జీషాన్.

“రెండేళ్ళుగా రెండు వైపులా రహస్యాలు చేరవేస్తున్నదాన్ని. నీ ఒక్కడిదే దాచిపెడతానని ఎలా అనుకున్నావు?” అంది హీనా.

బెంజమిన్ ఒండ్రులోకి దిగలేదు. ఇద్దరూ దిగబడితే లాగేవాడు ఉండడు. బోటు బల్ల ఊడదీసి, తాడు కట్టి, బురద మీదుగా తోశాడు.

“బోర్లా పడుకో. కాళ్ళు మెల్లగా లాక్కో. పెట్టెకి నువ్వే దగ్గర. బ్యాటరీ తీగ పచ్చది.”

ఆ గొంతులో కోపం కూడా లేదు. జీషాన్ బల్లమీద పాకుతూ మంచె అందుకున్నాడు, చాకుతో తీగ కోశాడు. టైమర్ మూడు సెకన్ల దగ్గర ఆగింది. రాడార్ కళ్ళు తెరుచుకునే ఉండడంతో ఆయుధాల బోటు సముద్రంలోనే దొరికింది.

సాయంత్రం చీఫ్ టేబుల్ మీద బెంజమిన్ రిపోర్ట్ ఉంది. జామర్ ఆపిన ఘనత పూర్తిగా జీషాన్‌దేనని, వచ్చే మిషన్‌కు అతన్నే లీడ్‌గా వేయాలని అందులో రాశాడు.

జీషాన్ దాన్ని మూడుసార్లు చదివాడు. ఎక్కడా ఒక్క తప్పు దొరకలేదు. బెంజమిన్ అంటే ఇంకా ఒళ్ళు మండింది.