ముందే తాగిన నీళ్ళు

“ఈ లెక్క తప్పు. పని ఆపండి.”

కొత్తగా చేరిన కెమిస్ట్ అమ్మాయి సంతకం పెట్టిన కాగితాన్ని షిఫ్ట్ ఇంజనీర్ షెడ్డులో అందరి ముందూ గాల్లో ఊపాడు. అతన్ని అక్కడ బ్రేకు బాబు అంటారు. అనుమానం వస్తే చాలు, నడిచే పని ఆపేస్తాడు.

అది ఆమె సొంతంగా చేసిన మొదటి లెక్క. తప్పని తేలితే మళ్ళీ ఇంకొకరి చాటున సీసాలు కడుక్కోవాలి.

“ఎక్కడ తప్పు?” అంది.

“నీళ్ళలో యాసిడ్ పోస్తే వేడి నూరు దాటుతుంది. ట్యాంకు లోపలి రబ్బరు డెబ్బై దాకే ఓర్చుకుంటుంది. మీరేమో యాభై అయిదని రాశారు. వేడికి మీరంటే అంత భయమా?”

“డ్రమ్ము మీద చీటీ చూశారా?”

“యాసిడ్ అంటే యాసిడే కదండీ.”

“కాదు. డెబ్బై శాతమే యాసిడ్. మిగతాది నీళ్ళు. యాసిడ్ ఆ నీళ్ళు తాగినప్పుడు పుట్టిన వేడి దాన్ని తయారుచేసిన చోటే పోయింది. మొత్తం వేడిలోంచి అది తీసెయ్యాలి. మీరు తీసెయ్యకుండా తెచ్చి నా ట్యాంకు నెత్తిన రుద్దుతున్నారు.”

అతను గొంతు సవరించుకున్నాడు. “కాగితం మీద ఏదైనా చెప్పొచ్చు.”

“అయితే లాబ్‌కి రండి.”

కళ్ళద్దాలు తను పెట్టుకుని, ఇంకో జత అతనికి విసిరింది. గాజు ఫ్లాస్కులో నీళ్ళు తూచి, ట్యాంకు లెక్కలో లాగే అంతే బరువు డ్రమ్ము యాసిడ్‌ని సన్నటి ధారగా పోసింది. పాదరసం ఎగబాకి యాభై మూడు దగ్గర నిలిచింది.

“రెండు డిగ్రీలు ఏమయ్యాయి?”

“ఫ్లాస్కు మింగింది. గాజు కూడా వేడెక్కాలిగా. థర్మామీటర్ అక్కడుంటే మీరు నన్ను చూస్తారేం?”

“అది ఆగిపోయింది కదా,” అని నవ్వాడతను. “సరే, తప్పు నాదే. సాయంత్రం టీకి వస్తారా?”

వెళ్ళాలని ఆమెకూ ఉంది. ఆ నవ్వు బాగుంది మరి. కానీ తల వంచుకుని వెళ్ళే రకం కాదామె.

“నా లెక్క తప్పని ఎక్కడ అరిచారు?”

“షెడ్డులో.”

“ఒప్పని మాత్రం నా చెవిలో చెప్తారా? రాను.”

అతను నేరుగా షెడ్డుకెళ్ళి ట్యాంకు నిచ్చెనెక్కి, స్పానరుతో పైపు మీద కొట్టాడు. వెనకాలే వచ్చిన ఆమెతో సహా అందరూ తలలెత్తారు.

“ఇందాక నేనన్నది తప్పు. యాసిడ్‌లో ముందే ఉన్న నీళ్ళు నేను చూళ్ళేదు. ఈవిడ చూశారు. వాల్వు తెరవండి, ఆవిడ చెప్పినట్టే.”

“బ్రేకు బాబుకే బ్రేకు పడిందిరోయ్,” అన్నాడు ఫోర్‌మన్. షెడ్డు గొల్లుమంది.

యాసిడ్ దిగింది. ట్యాంకు మీది ముల్లు మెల్లగా పాకి, యాభై అయిదుకి చేరి, అక్కడే నిలబడింది. ఆమె గడ్డం పైకెత్తి అతన్ని చూసింది.

“ఇప్పుడు అడగండి.”

“అందరూ వింటున్నారండీ.”

“అందుకే.”

అడిగాడు. షెడ్డు ఆ చివరికీ వినిపించేలా వస్తానంది.