తైబజారు కాగితం

మార్కెట్ బందై మూడో రోజు. అయినా చిన్నవ్వ నాలుగింటికే లేచింది. ముప్పై ఏళ్ళుగా కూరగాయల బుట్ట ముందు కూర్చున్న మనిషికి పొద్దెక్కేదాకా పడుకోవడం చేతకాదు. వాకిలి ఊడ్చింది, ముగ్గేసింది. ఇక చేసేందుకు ఏమీ లేక దబ్బనం తీసుకుని చిరిగిన గోనెసంచి కుట్టడం మొదలుపెట్టింది.

"బంద్‌ల సంచెందుకే? ఏం పోస్తవ్ దాంట్ల?" మంచం మీది నుంచే అడిగాడు భర్త ఆశన్న.

"చేతులు ఊకుంటలెవ్వు. నువ్వు పండుకో."

"పండుకుందామంటే లైటు ముఖం మీద వేస్తివి. బంద్ పెట్టింది మార్కెట్‌కా, నా నిద్రకా?"

ఇంకో రోజైతే వర్ష నవ్వేది. వాళ్ళకు ఒక్కతే కూతురు. బాన్సువాడ మున్సిపల్ ఆఫీసులో వార్డు ఆఫీసరు. ఉద్యోగం వచ్చి ఏడాదిన్నరే అయింది, ఇంకా పర్మనెంటు కాలేదు. తల ఎత్తకుండా రొట్టె తుంచుకుంటోంది.

"ఇయ్యాల మీ ఆఫీసుకే వస్తున్నం బిడ్డా," అంది చిన్నవ్వ. "మూడింటికి మీ సారు అందరి మాటింటడట. నువ్వు గాళ్ళ దిక్కు కూసుంటవ్, నేను గీళ్ళ దిక్కు. సిగ్గు పడకు."

గొడవంతా తైబజారు గురించి. మార్కెట్లో బుట్ట పెట్టుకుని అమ్ముకునేవాళ్ళు రోజూ కట్టే పన్ను అది. ఇప్పటిదాకా బుట్టకు పది రూపాయలు. ఇకమీదట అమ్మకాన్ని బట్టి వసూలు చేస్తామని, రెండు వేలకు మించి అమ్మేవాళ్ళు రోజుకు యాభై కట్టాలని పది రోజుల కింద నోటీసు అంటించారు. అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోమన్నారు. మార్కెట్ ఆడవాళ్ళు బుట్టలు బోర్లించి బంద్ పెట్టారు.

చిన్నవ్వ దారం కొరికి, గొంతు తగ్గించింది. "నిన్న రహీమక్క ఏమన్నదో ఎరుకనా? నీ బిడ్డ రాసుకపోయిన కాగితమే గీ పన్నైందన్నది. ముప్పై ఏండ్లు నా పక్క బుట్ట ముందు కూసున్న మనిషి! నాకు కడుపు కాలింది. నా బిడ్డ రాసింది లోను కాగితం, పన్ను కాగితం వేరే ఉన్నది, నా బిడ్డ మీద ఒట్టని అందరి ముంగట చెప్పిన. రహీమక్క తలకాయ దించుకున్నది."

వర్ష చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"ఒట్టెందుకు వేసినవే అవ్వా?"

"ఏం, అబద్ధమా?"

"ఆలస్యమైతుంది. నా బండి తాళం ఏది?" అంటూ లేచింది. తాళం ఆమె సంచీలోనే ఉంది.

ఆఫీసుకు వెళ్ళే దారంతా ఆ ఒట్టు ఆమె వెంటే వచ్చింది.

రెండు నెలల కింద, ఊరంతా పెళ్ళిళ్ళతో సందడిగా ఉన్న రోజుల్లో, మార్కెట్లో ఎవరు రోజుకు ఎంత అమ్ముతారో రాసుకు రమ్మన్నారు కమిషనర్. మామూలుగా అయితే అది అయ్యే పని కాదు. మార్కెట్లో ఏ ఆఫీసరు ఎప్పుడు అడిగినా జవాబు ఒక్కటే: "బోణీ గూడ కాలె సారూ." మిట్టమధ్యాహ్నం ఖాళీ బుట్ట పక్కన కూర్చుని కూడా అదే చెబుతారు. అది వాళ్ళ కట్టుబాటు. కానీ వర్ష వాళ్ళకు ఆఫీసరు కాదు. చిన్నవ్వ బుట్ట వెనక గొడుగు నీడలో నిద్రపోయిన పిల్ల. ఆమె జడకు రిబ్బను కట్టి బడికి పంపిన చేతులు ఆ మార్కెట్లో పది పన్నెండు ఉంటాయి.

ఆ రోజు కాగితాలు పట్టుకుని కూర్చోగానే చిన్నవ్వ రహీమక్క అనీ, వర్ష పిన్ని వరస కట్టి ఖాలా అనీ పిలిచే ఆకుకూరల రహీమున్నిసా అడిగింది, "లోను కోసమా బేటీ?"

అంతకుముందు సంవత్సరం వీధి వ్యాపారులకు లోన్లు ఇచ్చినప్పుడు, అమ్మకం తక్కువని చెప్పుకున్నవాళ్ళకు తక్కువే వచ్చింది. ఆ సంగతి ఇంకా ఎవరూ మరిచిపోలేదు. వర్ష "ఊఁ" అంది. అవునని కాదు, కాదని కాదు. పెన్ను మూత తీస్తూ అన్న ఊఁ.

అది చాలు చిన్నవ్వకు. బుట్ట బుట్టకూ తిరిగింది. "జర పెంచి చెప్పుండ్రి, నా బిడ్డే రాస్తుంది!" అందరూ పెంచారు. రహీమున్నిసా "మూడు వేలు రాయి, ఏమైతది!" అని పకపకా నవ్వింది. వర్ష రాసింది. సాయంత్రానికి నూటపన్నెండు పేర్లు.

"ఇన్నేళ్ళలో ఇంత వివరంగా లెక్క తెచ్చింది మీరొక్కరే," అన్నారు కమిషనర్. ఆ మాటతో వారం రోజులు ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఈ రోజు పదకొండింటికి కమిషనర్ పిలిచారు. "మధ్యాహ్నం మీరే చదవండి వర్షా. పేరు, వాళ్ళు చెప్పిన అమ్మకం. మనం కల్పించిందేమీ లేదని తెలియాలి కదా." ఆయన గొంతులో వ్యంగ్యం లేదు. నిజంగానే ఆ కాగితాన్ని నమ్ముతున్నారు. వర్ష గంట సేపు పర్మిషన్ అడిగి ఇంటికి బయల్దేరింది.

చిన్నవ్వ ఉతికిన చీర కట్టుకుని కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. "గిప్పుడొచ్చినవేంది? అన్నం పెట్టాలా?"

"అవ్వా, గా కాగితమే."

"ఏ కాగితం?"

"పన్ను వేసింది దాని మీదనే. లోను కాగితం వేరే లేదు."

కుచ్చిళ్ళు చేతిలోంచి జారాయి. "లోనన్నవ్ గద?"

"నేననలె. ఖాలా అడిగితే ఊఁ అన్న."

"ఊఁ అంటే ఏంది? పన్నుకని నీకు ఎరుకనా, లేదా?"

"ఎరుకలేదు. అడగలె." వర్ష బండి తాళం వైపు చూస్తూ అంది. "అడిగితే సారు చెప్తడు. నాకు తెలిస్తే మీకు చెప్పాలె. మీకు తెలిస్తే లెక్క చెప్పరు. గందుకే అడగలె."

చిన్నవ్వ తిడుతుందనుకుంది వర్ష. ఆమె రెండడుగులు ముందుకొచ్చి కూతురి తల మీద, బుగ్గల మీద, మెడ మీద చేతులు పెట్టి చూసింది, జ్వరం చూసినట్టు.

"నీ మీద అబద్ధపు ఒట్టు వేపిచ్చినవ్ గదనే. పొద్దుగాల గూడ అడిగిన, అబద్ధమా అని. బండి తాళం దేవులాడుకుంట పోయినవ్."

ఆశన్న లోపలికొచ్చాడు. అంతా విని గోడకు ఆనుకున్నాడు. "అయిందేదో అయింది. సారు చదువుమన్నది చదువు బిడ్డా. పర్మనెంటు కాకముందే ఎదురు మాట్లాడుతే ఉద్యోగం ఉంటదా? పది దినాలైతే అందరు మరుస్తరు."

"రహీమక్క మరుస్తదా?" చిన్నవ్వ అతని మీదికి తిరిగింది. "నిన్న నా ఒట్టు విని తలకాయ దించుకున్నది. తప్పు మాట అన్నననుకున్నది, పాపం. ఆమె అన్నదే నిజం!"

అంటూనే పొద్దున కుట్టిన గోనెసంచి మీద కూర్చుంది. తనలో తాను మాట్లాడుకున్నట్టు అంది, "బుట్ట బుట్టకు తిరిగి పెంచి చెప్పుమన్నది నేనే. బిడ్డ ఆఫీసరైందని గోరోజనం నాకు."

"నేనేం చెయ్యాలె అవ్వా?"

"నన్నడగకు. నాకు నీ ఉద్యోగం గావాలె, నాకు నా మార్కెట్ గావాలె. నేనేం చెప్తా?"

మూడింటికి ఆఫీసు హాలు నిండిపోయింది. ఆడవాళ్ళు కుర్చీలు వదిలేసి నేల మీదే కూర్చున్నారు. రహీమున్నిసా మొదటి వరసలో ఉంది. ఎప్పుడూ ఆమె పక్కనే కూర్చునే చిన్నవ్వ తలుపు దగ్గర నిలబడింది.

వర్ష కాగితాలు పట్టుకుని లేచింది. మొదటి పేరు మీద కళ్ళు పెట్టి, చదవకుండా తలెత్తింది.

"సార్, ఈ లెక్క సరైంది కాదు. నేను రాసిందే. లోను కోసమనుకుని వీళ్ళు పెంచి చెప్పారు. అడిగినప్పుడు కాదని నేను చెప్పలేదు. పైగా పెళ్ళిళ్ళ రోజుల్లో తీసిన లెక్క. దీన్ని పట్టుకుని పన్ను వేయకండి."

కమిషనర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇదే మాట రాసి సంతకం పెడతారా?"

"పెడతాను సార్."

"మన పిల్లంట, మన పిల్ల!" వెనక నుంచి ఎవరో కసిగా అన్నారు. "గొడుగు నీడకు పండబెట్టుకుంటే గిది!"

అప్పుడు తలుపు దగ్గర నుంచి చిన్నవ్వ గొంతు లేచింది. "నేను వేసిన ఒట్టు అబద్ధం. నాకు తెల్వక వేసిన. పెంచి చెప్పుమన్నది మాత్రం తెలిసే చెప్పిన. తిట్టేదుంటే నన్ను గూడ తిట్టుండ్రి."

ఎవరూ తిట్టలేదు. అదే వాళ్ళిద్దరికీ కష్టంగా తోచింది. మళ్ళీ లెక్క తీసేదాకా పాత పన్నే ఉంటుందని, ఈసారి ఆ పని వేరేవాళ్ళకు అప్పగిస్తామని కమిషనర్ చెప్పారు. వర్షకు సంజాయిషీ అడుగుతూ మెమో ఇస్తామని కూడా చెప్పారు. ఆడవాళ్ళు ఆమె వైపు చూడకుండా ఒక్కొక్కరే బయటికి నడిచారు.

వరండాలో రహీమున్నిసా ఒక్కతే ఆగి ఉంది.

"నేను మూడు వేలన్నప్పుడు నువ్వు నా ముఖం చూసినవ్," అంది. "ఇట్ల చూసి, రాసినవ్. నాకు అంత అమ్ముడుపోదని నీకు ఎరుకనే."

ఈ ఒక్క సంగతి వర్ష తల్లికి కూడా చెప్పలేదు. హాల్లోనూ చెప్పలేదు.

"ఎరుకనే ఖాలా."

"ఎరుకుండి రాసినవ్."

"ఎంత ఎక్కువుంటే సారు అంత మెచ్చుకుంటడనిపించింది." ఆ మాట బయటికి రాగానే ఏడుపు ఆగలేదు. మూడు రోజులుగా బిగబట్టుకున్నదంతా వచ్చేసింది.

రహీమున్నిసా ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా నిలబడి, "రేపు పొద్దుగాల మార్కెట్‌కు రా. ఆఫీసరోలె గాదు. వచ్చి కూసో," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు మార్కెట్ తెరిచారు. వర్ష పూట సెలవు పెట్టి, తల్లి బుట్టకూ రహీమున్నిసా బుట్టకూ మధ్య గోనెపట్టా మీద కూర్చుంది. ఆ ఇద్దరూ ఆమె తల మీదుగా ఒక్క మాట కూడా అనుకోలేదు. తెల్లవారుజామున కోటగిరి దిక్కు నుంచి ఆటోలో వచ్చిన పాలకూర, చుక్కకూర మంచు తడితో నిగనిగలాడుతున్నాయి. ఎనిమిదిదాకా బేరాలు జోరుగా సాగాయి. తొమ్మిదికి ఎండ ముదిరింది. పదికి ఆకులు తలలు వాల్చాయి. పదిన్నరకు రహీమున్నిసా కట్ట ధర సగం చేసింది, అయినా జనం చూసి దాటిపోయారు. పదకొండింటికి ఆమె బుట్టలో మిగిలినదాంట్లోంచి రెండు చేతుల నిండా ఎత్తుకుని వెనక గోడ దగ్గరికి నడిచింది. అక్కడ బర్రెలు అప్పటికే ఎదురుచూస్తున్నాయి.

"రోజూ గింత మిగులుతదా ఖాలా?"

"పెండ్లిళ్ళల్ల మిగలదు. మిగిలిన దినాలు గింతే."

నూటపన్నెండు మందిని ఎంత అమ్ముతారని అడిగింది వర్ష. ఎంత మిగులుతుందని ఒక్కరినీ అడగలేదు. అడగాలని తోచనైనా లేదు, ఈ గోడ పక్కనే ఆడుకుని పెరిగిన పిల్లకు.

"ఇగ లే," అంది చిన్నవ్వ, పొద్దుటి నుంచి మొదటిసారి కూతురి వైపు తిరిగి. "ఆఫీసుకు పోవాలె. మెమోకు జవాబు రాసేదున్నది గద."

"ఏమని రాయాలె అవ్వా?"

జవాబు గోడ దగ్గరున్న రహీమున్నిసా నుంచి వచ్చింది. "చూసింది రాయమను చిన్నక్కా. మేం చెప్పింది గాదు, చూసింది."

ముప్పై ఏళ్ళుగా అలవాటైన చిన్నక్కా అన్న పిలుపు మళ్ళీ వినగానే చిన్నవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వర్ష లేచి, రహీమున్నిసా బుట్ట అడుగున మిగిలిన ఆకు చేతుల నిండా తీసుకుని గోడ వైపు నడిచింది.