తొలిముద్దకు ముందు టింగ్ టింగ్

టింగ్ టింగ్!

చిలకమ్మ రెండు చెంచాలను ఒకదానితో ఒకటి కొట్టింది. దిండుకు ఆనుకుని కూర్చున్న తమ్ముడు ఠక్కున నోరు తెరిచాడు. చిలకమ్మ వేలి కొసన ఉన్న మెత్తటి పాల అన్నాన్ని వాడి నాలుక మీద రాసింది. వాడు చప్పరించి, కాళ్ళు తపతపా కొట్టి, ఇంకా కావాలన్నట్టు చూశాడు.

“శభాష్ రా బూరెగా! రేపు కూడా ఇలాగే తినాలి. నా పరువు నీ చేతిలో ఉంది. కాదు కాదు, నీ నోట్లో ఉంది!”

వాడికి నిక్షేపంలాంటి పేరు ఒకటి ఉంది. కానీ ఆ బుగ్గలు చూసినవాళ్ళెవరికీ అది గుర్తుండదు. అక్క సంగతీ అంతే. పొద్దున లేచింది మొదలు నోరు మూతపడదు కాబట్టి, ఇంట్లో చిలకమ్మ అనే పేరు ఖాయమైపోయింది.

ఆ నోరే ఇప్పుడు ఆమెను ఇరుకున పెట్టింది. మర్నాడు బూరెగాడికి అన్నప్రాసన. ఈ పరాయి దేశంలో, ఈ బడిలో ఆ మాట ఎవరూ విననేలేదు. అందుకే చిలకమ్మ పోయిన వారం క్లాసులో లేచి నిలబడి మరీ చెప్పింది.

“మా తమ్ముడు మొదటిసారి అన్నం తింటాడు. మాకది పెద్ద వేడుక. తర్వాత వాడి ముందు పళ్ళెంలో రకరకాల వస్తువులు పెడతారు. వాడు ఏది పట్టుకుంటే దాన్నిబట్టి పెద్దయ్యాక ఏమవుతాడో సరదాగా చెప్పుకుంటాం.”

అక్కడితో ఆగితే ఆమె చిలకమ్మ ఎందుకవుతుంది?

“మావాడు రాజులా తింటాడు. పెన్నే పట్టుకుంటాడు. కావాలంటే వచ్చి చూడండి!” అనేసింది.

టీచర్ నిజంగానే వస్తానంది. కింది అంతస్తులో ఉండే ఉంగరాల జుట్టు స్నేహితురాలు కూడా వస్తానంది.

ఆ రోజు ఇంటికి వచ్చాక చిలకమ్మకు ఎందుకో అనుమానం వచ్చింది. చెంచాతో రెండు చుక్కల నీళ్ళు పట్టి చూసింది. బూరెగాడు “ఫుర్ర్” మని ఆమె మొహం మీదే ఊదాడు. అమ్మో! వేడుక రోజు పదిమందిలో ఇలా చేస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఇక ఆలస్యం చేయలేదు. అమ్మ ముందుగదిలో కుట్టుమిషన్ మీద ఉన్నప్పుడల్లా పడకగదిలో రహస్యంగా రిహార్సల్ మొదలైంది. చెంచాల చప్పుడు వింటే వాడు నోరు తెరుస్తాడని కనిపెట్టింది కూడా అప్పుడే. తన తెలివికి తనే మురిసిపోయింది.

ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. చిలకమ్మ పాల అన్నం గిన్నెను మంచం కిందికి తోసి, తమ్ముడి మూతి తుడిచి, పరుగెత్తింది.

గుమ్మంలో మామయ్య. అమ్మకు తమ్ముడు. వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రి క్యాంటీన్‌లో వంట చేస్తాడు. ఒక భుజాన బ్యాగు, చేతిలో పాయసానికి కొన్న వెండి గిన్నె, బస్సులో కూర్చుని కూర్చుని నలిగిపోయిన చొక్కా.

“ఏమే కోడలుపిల్లా! నా అల్లుడెక్కడ?”

చేతులు కడుక్కుని వచ్చి బూరెగాణ్ణి ఎత్తుకున్నాడు. వాణ్ణి అలా చూస్తూ ఉండిపోయాడు.

“అక్కా, వీడు ఇంకా ఏమీ తినలేదు కదా? పాలు తప్ప?”

“ఏమీ లేదురా. ఆ తొలిముద్ద నీకోసమే ఉంచాను,” అంది అమ్మ. చిలకమ్మ వైపు తిరిగి నవ్వింది. “నీ అన్నప్రాసనకి మీ మామయ్యకి సెలవు దొరకలేదే. ఫోన్లో చూస్తూ, అక్కడ తను గాల్లో చెంచా పట్టుకుని ‘ఆమ్, ఆమ్’ అన్నాడు. ఇక్కడ మీ నాన్న నీకు తినిపించారు.”

“నవ్వకక్కా. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది,” అన్నాడు మామయ్య. “రోజూ రెండొందలమందికి వండి పెడతాను. మేనమామనై ఉండి మేనకోడలికి ఒక్క ముద్ద పెట్టలేకపోయాను. ఈసారి మా మేనేజరుతో పోట్లాడి మరీ వచ్చాను. వీడి నోట్లో పడే మొదటి మెతుకు నా చేతిదే.”

చిలకమ్మ గుండెల్లో రాయి పడింది.

“ఏంటే, చిలకకి మాట పడిపోయింది?” అంది అమ్మ.

“ఏం లేదు,” అంది చిలకమ్మ. మంచం కింద ఉన్న గిన్నె గుర్తొచ్చింది.

మర్నాటికి ఇల్లు మారిపోయింది. నాన్న సిటీ బస్సు నడుపుతాడు. ఆ రోజు సెలవు పెట్టి, సోఫాను గోడకు జరిపి, మధ్యలో దుప్పటి పరిచాడు. అమ్మ తన పట్టుచీర కొంగుతో బూరెగాడికి చొక్కా కుట్టింది. అది వేసుకున్నాక వాడి బుగ్గలు ఇంకాస్త పెరిగినట్టు కనిపించాయి.

టీచర్ వచ్చింది. ఉంగరాల జుట్టు పిల్ల వాళ్ళమ్మతో వచ్చింది. చిలకమ్మ వాళ్ళ పక్కన కూర్చుని ఏది ఎందుకో చెబుతుంటే అందరూ చెవులప్పగించి విన్నారు. మామూలుగా అయితే ఆమెకు గాల్లో తేలినట్టుండేది. ఇప్పుడు మాత్రం చూపు మాటిమాటికీ మామయ్య వైపే వెళుతోంది.

మామయ్య వెండి గిన్నెలోంచి చెంచాతో కాస్త పాయసం తీశాడు. వాడి పెదాల దగ్గరికి తెచ్చాడు.

“ఏదీ నాన్నా, ఆమ్...”

బూరెగాడు మూతి బిగించాడు.

“నా బంగారు కొండ కదూ! ఒక్కటి, ఒక్కటే!”

ఊహూ. మామయ్య కోతిలా మొహం పెట్టాడు. పిల్లిలా అరిచాడు. చెంచాను విమానంలా తిప్పాడు. అందరూ నవ్వారు. బూరెగాడు మాత్రం చెంచా వంక చూడనే లేదు. చిలకమ్మ చేతుల వైపే చూస్తున్నాడు.

చిలకమ్మకు అర్థమైంది. వాడు టింగ్ టింగ్ కోసం చూస్తున్నాడు!

“ఆకలి లేదేమో. పోనీ, కాసేపాగి నేను పెట్టి చూస్తాలే,” అంది అమ్మ మెల్లగా.

మామయ్య చెంచా కిందికి దించాడు. మొహం చిన్నబోయింది. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

చెంచాలు కొడితే దొంగతనం బయటపడుతుంది. కొట్టకపోతే ఎవరికీ తెలియదు. కానీ అంత దూరం బస్సులో వచ్చిన మామయ్య చెయ్యి అలా ఖాళీగా వెనక్కి వెళ్ళిపోతుంది. చిలకమ్మ ఒక్క ఉదుటున లేచింది. వంటింట్లోంచి రెండు చెంచాలు తెచ్చింది.

“మామయ్యా, చెంచా వాడి నోటి దగ్గర పెట్టు.”

టింగ్ టింగ్!

బూరెగాడు నోరు బార్లా తెరిచాడు. పాయసం లోపలికి వెళ్ళింది. చప్పరించాడు. కాళ్ళు తపతపా కొట్టాడు. ఇల్లంతా చప్పట్లు మోగాయి. మామయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

అమ్మ మాత్రం చెంచాల వైపే చూసింది. “ఈ విద్య వాడికి ఎవరు నేర్పారే?”

“నేనే,” అంది చిలకమ్మ. ఇక మాటలు ఆగలేదు. “వాడు ఉమ్మేస్తాడని భయమేసిందమ్మా. క్లాసులో గొప్పలు చెప్పాను కదా. అందుకని రోజూ ఒక్క వేలెడు పాల అన్నం పెట్టాను. తొలిముద్ద మామయ్యదని నాకు తెలీదు. నిన్న తెలిశాక చెప్పడానికి భయమేసింది.”

“గొంతుకి అడ్డంపడితే ఏమయ్యేదే? నాకు చెప్పకుండా ఇంత పని చేస్తావా?” అంది అమ్మ. ఆమె గొంతులో కోపం, కంగారు రెండూ ఉన్నాయి.

“ఇంకెప్పుడూ చెయ్యనమ్మా.” చిలకమ్మ ముక్కు ఎగబీల్చింది. “మామయ్యా, నీ తొలిముద్ద నేను తీసేసుకున్నాను.”

 మామయ్య బూరెగాడి గడ్డం మీద కారిన పాయసం తుడిచాడు.

“బాధగానే ఉంది కోడలుపిల్లా. లేదంటే అబద్ధమే అవుతుంది,” అన్నాడు. “నువ్వు నోరు మెదపకుండా కూర్చుంటే ఎవరికీ తెలిసేది కాదు. లేచి వచ్చావు చూడు! ఇలా రా.”

గిన్నెలోంచి ఇంకో చెంచా పాయసం తీసి చిలకమ్మ నోటికి అందించాడు. “ఆమ్ అను. అప్పుడు గాల్లో పెట్టిన ముద్ద ఇన్నాళ్ళకి అందింది.”

చిలకమ్మ ఏడుస్తూనే తినేసింది.

తర్వాత పళ్ళెం తెచ్చారు. అందులో పుస్తకం, పెన్ను, పువ్వు, అమ్మ గొలుసు, గుప్పెడు బియ్యం ఉన్నాయి. బూరెగాణ్ణి దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టారు. వాడు ఈదుతున్నట్టు చేతులు కాళ్ళు ఆడించాడు.

ఉంగరాల జుట్టు పిల్ల చిలకమ్మ చెవిలో గుసగుసలాడింది. “పెన్ను పక్కన చెంచాలు కొట్టు! నువ్వు చెప్పినట్టే పెన్ను పట్టుకుంటాడు. టీచర్ చూస్తోంది!”

చిలకమ్మ టీచర్ను చూసింది. పెన్ను ఎంత దగ్గరగా ఉందో చూసింది. చెంచాలు పట్టుకున్న వేళ్ళు దురదపెట్టినట్టు కదిలాయి.

ఆమె ఆ చెంచాలను కింద పెట్టి, వాటి మీద కూర్చుంది.

“వాడికి నచ్చింది వాణ్ణే తీసుకోనీ,” అంది.

బూరెగాడు పుస్తకాన్ని చూశాడు. గొలుసును చూశాడు. పెన్ను దాకా వచ్చి ఆగాడు. చిలకమ్మ ఊపిరి బిగబట్టింది. వాడు పెన్నును దాటి, రెండు చేతులతో పళ్ళెం అంచు పట్టుకుని, బలమంతా పెట్టి లాగాడు. పళ్ళేనికి పళ్ళెమే వాడి మీదికి వచ్చింది. బియ్యం చిందాయి. పువ్వు నెత్తి మీద పడింది.

“ఒక్కటి చాలదట! వీడికి అన్నీ కావాలట!” మామయ్య తొడ చరిచాడు. “నా అల్లుడా, మజాకా!”

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది చిలకమ్మే.

“చూశారా టీచర్? వాడే మా తమ్ముడు!” అని అరిచింది. కానీ చెంచాల మీద నుంచి మాత్రం లేవలేదు.