పజోరు ఇవ్వని జీపు

కిరండూల్ పాసింజర్ సొరంగంలోంచి బయటపడేసరికి కిటికీ పక్క సీట్లో ఇంజనీర్ సర్వేశ్వరరావు చచ్చిపోయి ఉన్నాడు. ఒళ్ళో వేరుశెనగల పొట్లం అలాగే ఉంది. మెడ మీద సూది గుచ్చినంత మచ్చ. ఎదుటివాళ్ళు పాపం నిద్రపోతున్నాడనుకుని అరకు దాకా కబుర్లు చెప్పుకుంటూనే వచ్చారు.

ఆ సాయంత్రమే ఏజెంట్ నైన్ ట్రాన్సిస్టర్‌లో వార్తలు ఆగిపోయి చీఫ్ గొంతు వినిపించింది.

"నైన్, మినీ హైడల్ కట్ట డిజైన్ చేసిన మనిషిని లేపేశారు. ఇక కట్టనే లేపేస్తారు."

"ఎందుకు సార్? నాలుగు పల్లెలకి లైట్లు వెలిగించే ప్రాజెక్టు అది."

"దాని వెనకున్నది ఒక గ్రీన్ ఫండ్. యూరప్ బడిపంతుళ్ళ పెన్షన్ డబ్బు. బొగ్గులో పెట్టరు, జనాన్ని తరిమే డ్యాముల్లో పెట్టరు. ఊరు ఒప్పుకుంటేనే పెడతారు. మన దేశంలో ఇదే వాళ్ళకి మొదటిది. నిలబడితే ఇలాంటివి చాలా వస్తాయి. లండన్‌లో ఒక ముఠా ఆ ఫండ్ షేరు కుప్పకూలుతుందని కోట్లు పందెం కాసింది."

"పడిపోతుందని పందెం కాసినవాడు తోసెయ్యకుండా ఊరుకుంటాడా!"

"అదీ సంగతి. కట్ట తెగితే కింద ఊరు ఊరంతా పోతుంది. సాయానికి మన మనిషిని పంపుతున్నాను. కోడ్ వర్డ్, వెన్నెల్లో మిరియాలు. ఓవర్."

చీఫ్‌కి ఓవర్. ఏజెంట్ నైన్ మాత్రం ఆ గదిలోనే ఉండాలి.

అతని అసలు పేరు టైటస్. సొంతూరు పార్వతీపురం. ఈ కట్ట కింద పల్లెలో మాత్రం నామం పెట్టుకుని కాఫీ గింజలు కొనే వెంకటరమణ. ఏడాదిగా అందరూ షావుకారూ అంటారు, దండం పెడతారు, తూకం అవ్వగానే వెళ్ళిపోతారు. షావుకారుతో కూర్చుని గంజి తాగేవాడు ఎవడు? మొన్న ఈస్టర్ నాడు అవతలి గుట్ట మీది చర్చిలో పాటలు మొదలయ్యాయి. అవన్నీ అతనికి కంఠతా వచ్చు. నామం పెట్టుకున్నవాడు గొంతు కలిపితే కొంప మునుగుతుంది కదా! దారిలో నిలబడి పెదవులు బిగబట్టుకున్నాడు. ఏడుపొచ్చింది. గూఢచారికి ఏడుపేమిటని మీరనొచ్చు. వచ్చింది, అంతే.

మర్నాడు జీపు దిగిన మనిషిని చూసి కుక్కలు కూడా మొరగడం మానేశాయి. నల్ల కళ్ళద్దాలు, మెడకి పట్టు స్కార్ఫు, ఎర్రమట్టి అంటని బూట్లు.

"వెన్నెల్లో మిరియాలు ఎండుతాయా షావుకారూ?"

"ఎండవు మేడం. చలి కాచుకుంటాయి."

ఆమె గొంతు తగ్గించింది. "ఎలా ఉన్నావు టైటస్?"

ఏడాది తరవాత తన పేరు విన్నాడు. ఒళ్ళు ఝల్లుమంది.

ఆమె ఏంజెలిన్. కురుపాం మిషన్ బళ్ళో చదువుకుని లండన్ చేరిన మనిషి. ఊరి ఒప్పుదల నిజమా కాదా అని తేల్చే ఫండ్ ఆడిటర్. లోపాయికారీగా మన ఏజెంటు. ముఠా జీతం కూడా తీసుకుంటోందని చీఫ్‌కి తెలుసు. అది మన నాటకంలో భాగమే అనుకున్నాడు చీఫ్.

ఇద్దరూ అరుగు మీద కూర్చుని టీ తాగారు. కురుపాం వానల గురించి, మిషన్ బడి గంట గురించి ఆమె చెబుతుంటే టైటస్ నోరు తెరుచుకుని విన్నాడు. చివరికి పని మాట వచ్చింది.

"బాంబు కట్ట దగ్గర కాదు. రేపు ఫండ్ వాళ్ళు వచ్చే రైల్లో. నేను తెల్లారే స్టేషన్లో ఉంటాను, నువ్వు వచ్చెయ్."

నమ్మాడు. ఆకలిగా ఉన్నవాడు అన్నంలో రాళ్ళు ఏరతాడా?

పొద్దున్నే మోటార్ సైకిల్ మీద బయల్దేరాడు. కట్టకి దిగువనే వంతెన. అది దాటితే ఘాట్ రోడ్డు, దాటకుండా పైకి తిరిగితే కట్ట. వంతెన మీద అడ్డంగా వెదురు కర్ర కట్టి ఉంది. చైత్రంలో కొండజనం ఇటుకల పండగ కదా! మగాళ్ళు విల్లంబులతో వేటకి పోతారు, ఆడవాళ్ళు రోడ్డు ఆపి పజోరు అడుగుతారు. ఎంత పెద్ద దొర బండైనా పండగ కానుక ఇచ్చి, వాళ్ళతో ఒక చుట్టు ఆడి కదలాల్సిందే.

"పజోరు ఇయ్యి షావుకారూ!" పెద్దామె యర్రమ్మ చెయ్యి చాపింది. "ఆ మేడంలాగ తిరిగొచ్చినప్పుడిత్తానంటే వొప్పుకోం."

"ఏ మేడం?"

"నల్లద్దాల మేడం. ఇందాకే కట్టకాడికెల్లింది. బేగి వొచ్చేత్తానంది."

స్టేషన్లో ఉండాల్సిన మనిషి! టైటస్ బండి కట్టకేసి తిప్పాడు. ఇంతలో పైనుంచి జీపు దుమ్ము రేపుకుంటూ దిగింది. వెదురు కర్ర ముందు కీచుమంటూ ఆగింది.

ఏంజెలిన్ నోట్ల కట్ట విసిరింది. "తీసుకోండి, దారివ్వండి!"

"ఆడకుండా ఎలాగెల్తావమ్మా?" ఆడవాళ్ళు నవ్వుతూ ఆమెను కిందికి లాగారు. వీపుల వెనక చేతులు పెనవేసి థింసా ఆట మొదలెట్టారు. ఆమె అడుగు తప్పుతోంది. చూపంతా వాచీ మీదా, వెనక ఉన్న కట్ట మీదా ఉంది.

టైటస్‌కి ఇక అడగాల్సిందేమీ లేదు. "యర్రమ్మా, ఆగండి! ఈవిడ కట్టకి బాంబు పెట్టింది. మీరంతా అవతలికి పరిగెత్తండి. నేను చూసుకుంటాను."

డప్పు ఆగింది. ఒక్కరూ కదల్లేదు.

"కింద మా పిల్ల గుంటలున్నారు, ముసలోళ్ళున్నారు. మావెక్కడికెల్తాం?" యర్రమ్మ ఏంజెలిన్ నడుం చుట్టూ చెయ్యి ఇంకా బిగించింది. "నువ్వూ మాతోనే ఉండమ్మా."

"టైటస్, వీళ్ళకి చెప్పు! పందెం డబ్బులో పావు వాటా నీకిస్తాను. ఎవరున్నారు నీకు ఇక్కడ? నిన్ను పేరు పెట్టి పిలిచేది నేనొక్కదాన్నే!"

ఆ మాట సూటిగా తగిలింది. నిజం కాబట్టి తగిలింది. అయినా ఆమె కళ్ళలోకి చూస్తూ అన్నాడు, "బాంబు ఆపు."

"రెండు నిమిషాలే ఉన్నాయి!"

"అయితే అందరం కలిసే పోదాం."

నీళ్ళు కట్ట మీంచి జారుతున్నాయి. ఒక ముసలామె కొండదేవతకి దండం పెట్టుకుంది. ఏంజెలిన్ నుదుటి పౌడరు చెమటకి చారలు కట్టింది. ఒక్కసారిగా కెవ్వుమని అరిచి, స్కార్ఫులో దాచిన పౌడరు డబ్బా తీసి మూత తెరిచింది. అద్దం కింద ఎర్ర అంకెలు ఐదు, నాలుగు, మూడు... బటన్ నొక్కింది. అంకె ఒకటి దగ్గర ఆగింది.

యర్రమ్మ ఆ డబ్బా లాక్కుని టైటస్ చేతిలో పెట్టింది.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి ఏంజెలిన్‌ని తీసుకుపోయారు. బాంబు ఊడదీశారు. ఫండ్ వాళ్ళు వచ్చి ఊరివాళ్ళ మాట విని, స్విచ్ వేసి, లండన్‌కి ఫోన్ చేశారు. షేరు మూడింతలు పెరిగిందట. టైటస్‌కి అందులో ఒక్కటీ లేదు.

సాయంత్రం అడవిలోంచి మగాళ్ళు తిరిగొచ్చారు. ఒక్క కుందేలు కూడా దొరకలేదు. ఊరి మొదట్లో ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాచుకుని ఉన్నారు. ఉత్త చేతులతో వచ్చిన మగాడికి అదే మర్యాద. నవ్వుల మధ్య పేడ ఎగిరింది. టైటస్ పక్కకి తప్పుకున్నాడు. బయటివాడు కదా.

"నువ్వెక్కడికి?" యర్రమ్మ దారికి అడ్డం వచ్చింది. "ఏటి తెచ్చావు?"

"నేనా? పొద్దున్న ఆ మేడంని పట్టాను కదా!"

"దాన్ని పోలీసోళ్ళకిచ్చీసావు. కూరకేటి తెచ్చావు?"

టైటస్ ఉత్త చేతులు చూపించాడు. కుండ కుండంతా నెత్తి మీద కుమ్మరించింది. ఊరు ఘొల్లుమంది. టైటస్ కూడా నవ్వాడు. నవ్వుతూ ఏడ్చాడు. ఆ పేడలో ఏది కన్నీరో ఎవరికి తెలుస్తుంది?

గదికి వచ్చేసరికి ట్రాన్సిస్టర్ గొణుగుతోంది.

"శభాష్ నైన్! రేపే ఢిల్లీ రా. శుభ్రంగా తయారై రా, మంత్రిగారు చూస్తారు."

"వస్తాను సార్," అన్నాడు టైటస్. సెట్టు కట్టేసి, స్నానానికి పెట్టుకున్న నీళ్ళు తీసుకెళ్ళి గుమ్మం పక్కన మిరియాల పాదుకి పోసేశాడు.